మధుమేహానికి మొక్కల మందులు: చైనా వైద్యం, తెలుగు నేల

మొక్కల వేరులో, బెరడులో, ఆకులో, గింజలో ఉండి రక్తంలోని చక్కెరను తగ్గించే, లేదా చక్కెర జబ్బు తెచ్చిపెట్టే తిప్పలను తగ్గించే పదార్థాలను మధుమేహ నివారక వృక్ష రసాయనాలు అంటారు. వీటిలో కొన్ని ఇప్పటికే మాత్రలుగా మారి మెడికల్ షాపుల్లోకి వచ్చాయి. కొన్ని ప్రయోగశాలల్లో ఎలుకల దగ్గర ఆగిపోయాయి. చాలావాటికి చేదు, పెద్దల మాట తప్ప వేరే రుజువు లేదు. ఈ రంగంలో అందరికన్నా ఎక్కువ కృషి చేసింది చైనా. తమ సంప్రదాయ వైద్యంలోని మొక్కలను ఒక్కొక్కటే తీసి, అందులో పనిచేసే ముక్క ఏదో పట్టుకుని, దాన్ని కొలిచి రోగులకిచ్చి చూడటం అక్కడ ప్రభుత్వమే చేపట్టిన పని. ఆ ముక్కల్లో కొన్ని మన చేలగట్ల మీద కూడా ఉన్నాయి.

ఒంగోలుకూ చిలకలూరిపేటకూ మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది మార్టూరు. ఒకప్పుడు ప్రకాశం జిల్లాలోది, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లాలోది. నల్లరేగడి, పత్తి, మిరప, శనగ, పొగాకు, రోడ్డు పొడవునా గ్రానైటు పాలిషింగు యూనిట్లు ఆ ఊరి గుర్తులు. తెల్లవారుజామున హైవే పక్కన నడిచే పెద్దమనుషులు ఎదురుపడితే ‘ఏం బావా, షుగరెంత?’ అన్నది ఇలాంటి ఊళ్ళలో మామూలు పలకరింపు. భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని లెక్కన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ఇంతమందిలో మెంతులో, కాకరకాయో, నేరేడు గింజల పొడో ఒక్కసారైనా మింగి చూడనివాళ్ళు తక్కువ. అందుకే ఏ మొక్కకు ఎంత రుజువుందో విడదీసి చెప్పుకోవలసి వస్తుంది.

జబ్బుకు పాత పేర్లు

పాత చైనా గ్రంథాల్లో ఈ జబ్బు పేరు ‘షియావోకే’. కృశించిపోవడం, ఆరని దాహం అనే రెండు లక్షణాలను కలిపి పెట్టిన పేరది. మన వైద్యులు మూత్రాన్ని పట్టి మధుమేహం అన్నారు. ఆ మూత్రానికి చీమలు పడతాయన్న సంగతి సుశ్రుతుడి కాలానికే తెలుసు. దాహాన్నీ మూత్రాన్నీ చూసి మందు వెతికిన రోజులవి. క్లోమం తీసేస్తే కుక్కకు మధుమేహం వస్తుందని 1889లో జర్మనీలో మింకోవ్‌స్కీ, మెరింగ్ చూపారు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ చేతికందింది. అంతకుముందు ఎవరు ఏ మొక్క ఇచ్చినా గురి తెలియని బాణమే.

ఇప్పుడు గురి తెలుసు. తిన్న పిండిపదార్థం పేగుల్లో చక్కెరగా విరిగి రక్తంలోకి వెళ్తుంది. కాలేయం తనవంతు చక్కెరను తయారుచేసి వదులుతుంది. క్లోమం ఇన్సులిన్ ఊరుస్తుంది. కండలు ఆ ఇన్సులిన్ మాట విని చక్కెరను లోపలికి తీసుకుంటాయి. మూత్రపిండాలు పారిపోబోయే చక్కెరను పట్టి వెనక్కి పంపుతాయి. మొక్కల రసాయనం ఏదైనా వీటిలో ఒకచోట చేయి వేస్తేనే చక్కెర తగ్గుతుంది. టైపు 1 రోగికి ఇన్సులిన్ ఊరడమే ఆగిపోతుంది గనుక ఏ ఆకూ దానికి బదులు కాదు. ఈ వ్యాసంలోని మందుల కథ దాదాపు అంతా టైపు 2 గురించే.

ఇంగ్లీషు మందుల్లోనూ మొక్కలే

మొక్కమందు వేరు, ఇంగ్లీషు మందు వేరు అన్న గీత మధుమేహం దగ్గర నిలవదు. ప్రపంచమంతా మొదట రాసే మాత్ర మెట్‌ఫార్మిన్. దాని మూలం గలీగా అనే ఐరోపా కలుపు మొక్క. అందులోని గలెజిన్ చక్కెరను తగ్గించేది గానీ విషం పాలు ఎక్కువ. దానికి దగ్గరి బంధువైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో డబ్లిన్‌లో తయారుచేశారు. తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. 1957లో పారిస్ వైద్యుడు ఝాన్ స్టెర్న్ రోగులకిచ్చి ఫలితం చెప్పాకే అది మందయింది. అమెరికా అనుమతి ఇచ్చింది 1994లో. ఈ రోజు ఆ ముడిమందును పెద్ద ఎత్తున తయారుచేసే సంస్థల్లో హైదరాబాద్‌కు చెందిన గ్రాన్యూల్స్ ఇండియా ఒకటి.

రెండోది ఆపిల్ చెట్టు. దాని వేరు బెరడు నుంచి 1835లో ఫ్లోరిజిన్‌ను విడదీశారు. అది మూత్రపిండాల్లో చక్కెరను వెనక్కి పంపే తలుపును మూసేస్తుంది, దాంతో చక్కెర మూత్రంలో పోతుంది. ఈ గుణాన్నే ఆధారం చేసుకుని, అణువును మార్చి మార్చి 2013 నాటికి కెనాగ్లిఫ్లోజిన్ వంటి మందులు తెచ్చారు. డాక్టర్ చీటీ మీద ‘గ్లిఫ్లోజిన్’ తోక ఉన్న మాత్ర కనిపిస్తే దాని తాత ఆపిల్ బెరడు. చెట్టు దగ్గర మొదలై మాత్ర దగ్గరికి రావడానికి నూట డెబ్బై ఎనిమిదేళ్ళు పట్టింది.

బెర్బెరిన్

చైనా సంప్రదాయ వైద్యం నుంచి మధుమేహానికి వచ్చిన రసాయనాల్లో ఎక్కువ పేరున్నది బెర్బెరిన్. దాని మొక్క హువాంగ్‌లియన్, శాస్త్రనామం కాప్టిస్ చైనెన్సిస్. పసుపుపచ్చని దుంపవేరు, గొంతు దిగని చేదు. చెప్పుకోలేని బాధ పడేవాణ్ణి చైనీయులు ‘మూగవాడు హువాంగ్‌లియన్ తిన్నట్టు’ అంటారంటే ఆ చేదు ఎంతటిదో ఊహించుకోవచ్చు. అక్కడ బెర్బెరిన్ మాత్రలు విరేచనాలకు చాలాకాలంగా చవగ్గా దొరుకుతున్నాయి. విరేచనాలతో వచ్చిన మధుమేహ రోగులు ఈ మాత్రలు వాడితే చక్కెర కూడా దిగుతోందని అక్కడి వైద్యులు గమనించి 1988లో రాశారు. వెతకని చోట దొరికిన మందు ఇది.

సరైన పోలిక రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 2008లో షాంఘై వైద్యులు కొత్తగా టైపు 2 మధుమేహం బయటపడిన 36 మందిని రెండు గుంపులు చేసి ఒకరికి బెర్బెరిన్, ఒకరికి మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. రెండూ 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, మూడు నెలలు. బెర్బెరిన్ గుంపులో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు చక్కెర, 9.5 నుంచి 7.5 శాతానికి దిగింది. పరగడుపు చక్కెర దాదాపు 191 నుంచి 124కు వచ్చింది. మెట్‌ఫార్మిన్‌తో సమానమనే చెప్పుకోదగిన ఫలితం. అదే ఏడాది 116 మంది మీద జరిగిన ఇంకో పరీక్షలో రోజుకు ఒక గ్రాము బెర్బెరిన్ తీసుకున్నవారి సగటు 7.5 నుంచి 6.6కు తగ్గింది. సంఖ్యలు ముచ్చటగా ఉన్నాయి. మనుషులు మాత్రం తక్కువ, కాలం మూడు నెలలే. గుండెపోట్లు తగ్గుతాయా, మూత్రపిండాలు నిలుస్తాయా అన్న ప్రశ్నలకు ఇలాంటి పరీక్షలు జవాబు చెప్పలేవు. షాంఘై పరీక్షలో మూడోవంతు మందికి కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకం వంటి ఇబ్బందులు కొద్దికాలం వచ్చాయి.

బెర్బెరిన్ పనిచేసే తీరులో ఒక తెలుగు ముడి ఉంది. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను ఇది కాస్త మందగింపజేస్తుంది. అప్పుడు శక్తిని మోసే ఏటీపీ తగ్గి, దాని ఖాళీ సీసా లాంటి ఏఎంపీ పెరుగుతుంది. ఆ తేడాను పసిగట్టే ఏఎంపీకే అనే ఎంజైము మేలుకోవడంతో కాలేయం చక్కెర తయారీని తగ్గిస్తుంది, కండలు చక్కెరను వాడుకోవడం పెంచుతాయి. మెట్‌ఫార్మిన్‌దీ చాలావరకు ఇదే బాట. ఈ లెక్కకు మూలమైన ఏటీపీని కండరాల్లో కనుగొన్నవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. అమెరికా ఓడ ఎక్కకముందు ఆయన పాఠాలు చెప్పింది మద్రాసు ఆయుర్వేద కళాశాలలో.

ఇక లోపం. మింగిన బెర్బెరిన్‌లో రక్తంలోకి చేరేది నూటికి ఒక పాలు కూడా ఉండదు. అయినా పనిచేస్తోందంటే పేగుల్లోని సూక్ష్మజీవుల ద్వారా కొంత పని జరుగుతోందని ఇప్పటి ఆలోచన. పైగా, మందులను అరిగించే కాలేయపు ఎంజైములను ఇది అడ్డుకుంటుంది. వేరే మాత్రలు వాడేవారిలో ఆ మాత్రల మోతాదు తెలియకుండానే పెరిగిపోయే ప్రమాదముంది. గర్భిణులకు, పసిబిడ్డలకు ఇవ్వకూడదు.

ఇదే బెర్బెరిన్ మనకు మానుపసుపులో ఉంది, కొద్దిగా తిప్పతీగలో ఉంది. మార్టూరు చేలగట్ల మీద, రోడ్డు వార మెట్టలో జనవరి నాటికి విరగబూసే బలురక్కసిలో కూడా ఉంది. పచ్చని పూలు, తెల్లచారల ముళ్ళ ఆకులు, చూడగానే పశువులు పక్కకు తప్పుకునే మొక్క. కాడ విరిస్తే పసుపుపచ్చటి పాలు కారతాయి. వేలికంటితే చాలాసేపు పోదు. ఆ పసుపులో బెర్బెరిన్ ఉంది. ఈ ఒక్క ముక్క విని ఎవరైనా బలురక్కసిని కషాయం కాస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే దాని గింజల నూనెలో సాంగ్వినరిన్ అనే విషం ఉంది. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ గింజల నూనె కలిసి, ఒళ్ళు నీరుపట్టి, 60 మందికి పైగా చనిపోయారు. మేలుచేసే అణువు, చంపే అణువు ఒకే మొక్కలో పక్కపక్కనే ఉన్నాయి. రసాయనాన్ని విడదీయడం, కొలవడం అన్న పనికి ఇంతకన్నా మంచి కారణం వెతకనక్కర్లేదు.

మల్బరీ కొమ్మ

చైనా మందుల నియంత్రణ సంస్థ 2020 మార్చిలో మల్బరీ కొమ్మల ఆల్కలాయిడ్ల మాత్రకు టైపు 2 మధుమేహానికి అనుమతి ఇచ్చింది. ఒక సంప్రదాయ మూలిక, నికరమైన రసాయన కొలతతో, పెద్ద పోలిక పరీక్షలు దాటి మందు కావడం అరుదు. అందులో ప్రధానమైనది డీఎన్‌జే అనే పొట్టిపేరున్న అణువు. చూడటానికి గ్లూకోజు అణువులాగే ఉంటుంది. పిండిపదార్థాన్ని విరగ్గొట్టే పేగు ఎంజైము దీన్ని గ్లూకోజనుకొని పట్టుకుని చిక్కుకుపోతుంది. అన్నం నెమ్మదిగా అరుగుతుంది, తిన్నాక చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. 600 మంది మీద 24 వారాలు జరిగిన పరీక్షలో ఈ మాత్ర హెచ్‌బీఏ1సీని 0.93 పాయింట్లు తగ్గించింది. పోటీకి పెట్టిన అకార్బోస్ అనే మాత్ర తగ్గించింది 0.87. కడుపుబ్బరం వంటి ఇబ్బందులు మల్బరీ వారిలో తక్కువ. డీఎన్‌జే నుంచే కొద్ది మార్పుతో తయారైన మిగ్లిటాల్‌కు అమెరికా 1996లోనే అనుమతి ఇచ్చింది.

మల్బరీ మనకు కొత్త పంట కాదు. హిందూపురం, మదనపల్లె, పలమనేరు వైపు పట్టుపురుగుల కోసం వేల ఎకరాల్లో వేస్తారు. ఆకు పురుగుకు పోతుంది. చైనాలో మందైన కొమ్మ ఇక్కడ దిబ్బకో, పొయ్యికో పోతుంది.

మెంతులు, తార్నాక

తెలుగునాట ఈ విషయంలో పేరున్న పని జరిగింది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ ఇది. అక్కడ ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్ తదితరులు 1980లలో మెంతుల మీద వరుసగా పరీక్షలు చేశారు. 1990లో అచ్చయిన ఒకదానిలో టైపు 1 రోగులకు నూనె తీసేసిన మెంతిపిండిని రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్నం సగం, రాత్రి సగం భోజనంలో కలిపి పది రోజులు పెట్టారు. ఇన్సులిన్ మానిపించలేదు. పరగడుపు చక్కెర తగ్గింది. ఇరవైనాలుగు గంటల మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది.

పోపులో వేసే పావు చెంచా మెంతులకూ ఈ వంద గ్రాములకూ పోలికే లేదని చదువరి గుర్తుపెట్టుకోవాలి. ఆవకాయలో మెంతిపిండి ఉంది గదా అని సంతోషించడం కూడా తొందరపాటే. మెంతుల బలం రెండు చోట్ల ఉంది. ఒకటి జిగురు. నానబెట్టిన మెంతులను వేళ్ళ మధ్య నలిపితే సాగే ఆ జిగురు గాలక్టోమానన్ అనే పీచు. పేగులో జావలా పరుచుకుని చక్కెర రక్తంలోకి దిగడాన్ని ఆలస్యం చేస్తుంది. రెండోది 4-హైడ్రాక్సీ ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం. చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడే అది ఇన్సులిన్‌ను ఊరిస్తుందని ప్రయోగశాల పరీక్షల్లో చూశారు. మొదటి రకం జిగురే మన గోరుచిక్కుడు గింజలోనూ ఉంది. ఇంగ్లండులో డేవిడ్ జెంకిన్స్ బృందం 1970లలో ఆ గోరుచిక్కుడు జిగురును, అంటే గ్వార్ గమ్‌ను, మధుమేహ రోగుల భోజనంలో కలిపి తిన్న తర్వాతి చక్కెర తగ్గుతుందని చూపింది. ఒంగోలు సంతలో కిలోల లెక్కన అమ్మే కూరగాయ అక్కడ పరిశోధనా వస్తువైంది.

మెంతులు మాత్ర కాలేదు. వంద గ్రాములను మాత్రలో ఇరికించడం కుదరదు, పేటెంటు రాని వంటింటి దినుసు మీద డబ్బు పెట్టే కంపెనీ దొరకడం కష్టం. ఆ పరిశోధన ఆహార సలహాగా మిగిలింది. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు, కానీ చైనా మల్బరీకి చేసినంత దూరం మనం మెంతులకు చేయలేదన్నది నిజం.

పొడపత్రి

పొడపత్రి మహిమ పుస్తకంలో చదవడం కంటే నోట్లో వేసుకుంటే తెలుస్తుంది. మెట్ట డొంకల్లో, కొండ అంచు కంచెల మీద పాకే తీగ. చిన్న ఆకు, వెనకవైపు మెత్తని నూగు. రెండు ఆకులు బాగా నమిలి ఊసేసి, చెంచాడు పంచదార నోట్లో పోసుకుంటే ఇసక నమిలినట్టుంటుంది. పలుకులు నాలుకకు తగులుతాయి, తీపి తెలియదు. బెల్లం ముక్క మట్టిబెడ్డ అవుతుంది. ఉప్పు, పులుపు మాత్రం మామూలుగానే తెలుస్తాయి. అరగంటకో గంటకో నాలుక దారికొస్తుంది. ఈ పని చేసేది జిమ్నెమిక్ ఆమ్లాలు. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకానికి అంటుకుని దాన్ని మూస్తాయి. వీటిని 1887లో ఊటీలో పనిచేస్తున్న డేవిడ్ హూపర్ అనే రసాయన శాస్త్రవేత్త ఆకు నుంచి విడదీసి రాశాడు.

నాలుక మీద తీపి పోవడం వేరు, రక్తంలో చక్కెర పోవడం వేరు. రెండోదానికి ఆధారం 1990లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. షణ్ముగసుందరం బృందం పొడపత్రి సారాన్ని రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున, ఇన్సులిన్ మీద ఉన్న 27 మందికీ, మాత్రల మీద ఉన్న 22 మంది టైపు 2 రోగులకూ నెలల తరబడి ఇచ్చింది. ఆ 22 మందిలో అయిదుగురు మామూలు మాత్రలు మానేసి సారం మీదే ఉండగలిగారని రాసింది. ఎవరికి ఏది ఇస్తున్నారో అందరికీ తెలిసిన పరీక్ష, చిన్న గుంపులు. ఆశ పుట్టించడానికి సరిపోతుంది, అనుమతి తేవడానికి చాలదు. ముప్పై అయిదేళ్ళయినా పొడపత్రి ఆ మెట్టు మీదే ఉంది. చీటీలు రాసి అమ్మే పొడుల్లో మాత్రం ఈ ఆకు లేనిది అరుదు.

పెద్దేగి, నేరేడు, కాకర

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి అంచున నల్లమలలో పెరిగే పెద్దేగి చెట్టుకు సంస్కృతంలో విజయసారమని పేరు. దాని చేవతో గ్లాసు చేసి, రాత్రి నీళ్ళు పోసి, రంగు దిగిన ఆ నీటిని పొద్దున తాగడం పాత అలవాటు. భారత వైద్య పరిశోధన మండలి దీన్ని అనేక కేంద్రాల్లో పరీక్షించి 1998లో ఫలితం వెలువరించింది. 97 మంది కొత్త రోగుల్లో 67 మందికి 12 వారాల్లో చక్కెర అదుపులోకి వచ్చింది. పోల్చే గుంపు లేని పరీక్ష అది. దీనిలోని టెరోస్టిల్బీన్ అనే పదార్థం దీని సోదరి ఎర్రచందనంలోనూ ఉంది.

నేరేడు గింజ ఇన్సులిన్ రాకముందు ఐరోపా మందుల షాపుల్లోనూ అమ్ముడుపోయింది. తర్వాత బ్రెజిల్ వైద్యులు నేరేడాకు కషాయాన్ని రోగులకిచ్చి చూస్తే ఏ తేడా లేదు. ఆకు, గింజ ఒకటి కాదని వాదించవచ్చు. గింజకు అంతకన్నా మంచి పరీక్ష చూపించాలి మరి. కాకరలో చరాంటిన్ ఉంది, ఇన్సులిన్ లాగా పనిచేస్తుందని చెప్పే ఒక ప్రొటీన్ ముక్క ఉంది. అయినా 2012లో కోక్రేన్ సమీక్ష 479 మంది పాల్గొన్న నాలుగు పరీక్షలను జల్లెడపట్టి, కాకర పనిచేస్తుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. పొద్దున్నే ముక్కు మూసుకుని కాకర రసం తాగేవాళ్ళకు ఇది మింగుడుపడని మాటే. కాకరకాయ కూర మానమని కాదు.

ఈ మూటలోని కాకర, నేరేడు, పొడపత్రికి వంకాయ కలిపిన మిశ్రమానికి 1999లో అమెరికాలో ఒక పేటెంటు మంజూరైంది. ఇక్కడ పెద్ద గొడవైంది. సంప్రదాయ విజ్ఞానాన్ని డిజిటల్ నిధిగా రాసిపెట్టుకోవాలన్న పట్టుదల దేశానికి వచ్చింది ఇలాంటి దెబ్బల వల్లనే.

ఆశ, ఆతురత

చైనా మొక్కల్లో అన్నిటికన్నా వెలిగిన తార ఆర్టెమిసినిన్. నాలుగో శతాబ్దపు గే హాంగ్ పుస్తకంలోని సూచనతో టు యూయూ బృందం దాన్ని మలేరియాకు మందుగా మార్చింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. 2017లో ఇదే ఆర్టెమిసినిన్ కుటుంబం క్లోమంలోని వేరే కణాలను ఇన్సులిన్ ఊరే కణాలుగా మారుస్తుందని ఒక ప్రఖ్యాత పత్రిక అచ్చువేసింది. మధుమేహం నయమైపోతుందన్నంత హడావుడి జరిగింది. మరుసటి ఏడాదే ఇంకో బృందం అదే ప్రయోగాన్ని వేరే రకంగా చేసి, కణాలు అలా మారడం లేదని చెప్పింది. నోబెల్ వచ్చిన అణువుకైనా రెండో జబ్బు దగ్గర మళ్ళీ మొదటి నుంచి పరీక్ష రాయక తప్పదు.

పత్తి నేలకు దగ్గరి కథ ఇంకొకటి. చైనాలో కొన్ని పల్లెల్లో ముడి పత్తిగింజల నూనె వాడేవారికి పిల్లలు పుట్టకపోవడం చూసి, దాని కారణం గాసిపాల్ అని కనిపెట్టారు. మగవారి కుటుంబనియంత్రణ మాత్రగా 1970లలో 8,000 మందికి పైగా ఇచ్చారు. పనిచేసింది కూడా. కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయింది, కొందరికి సంతానశక్తి మళ్ళీ తిరిగిరాలేదు. మానుకున్నారు. మధుమేహానికి సంబంధం లేకపోయినా, పనిచేసే మొక్క మందు ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి మార్టూరు గేదెల కుడితి తొట్టిలో పడే గింజ కంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

పొట్లంలో ఏముంది

చైనాలో షియావోకే అనే గోళీ ఉంది. మూలికలతో పాటు ఒక్కో గోళీలో 0.25 మిల్లీగ్రాముల గ్లిబెన్‌క్లమైడ్ అనే ఇంగ్లీషు మందు ఉంటుంది. ఆ సంగతి బహిరంగంగానే ఉంది. రాయకుండా కలిపితేనే కొంపలంటుకుంటాయి. 2008లో సింగపూర్‌లో మగతనం పెంచే మూలికా మాత్రలంటూ అమ్మినవాటిలో ఇదే గ్లిబెన్‌క్లమైడ్ బయటపడింది. మధుమేహమే లేని 150 మంది చక్కెర పడిపోయి ఆసుపత్రుల్లో చేరారు. నలుగురు చనిపోయారు. ‘ఆకుపసరు, రెండ్రోజుల్లో షుగర్ దిగింది’ అన్న మాట వినగానే వైద్యులు అనుమానించేది దీన్నే.

తిప్పతీగ కథ వేరు. కోవిడ్ కాలంలో దాన్ని విపరీతంగా వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను దేశంలోని 13 కేంద్రాల వైద్యులు 2022లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఈ వాదనను అంగీకరించలేదు. రెండు పక్షాల మాటా చదివినవారు ముందుగా కాలేయ పరీక్ష చేయించుకోవడం మంచిదనే అనుకుంటారు. అన్నిటికన్నా భయపడవలసింది గాడిదగడపాకు. నల్లరేగడి చేలల్లో నేలబారుగా పాకే, ఘాటువాసన వేసే ఈ కలుపును పల్లెవైద్యంలో పురుగులకు, పుళ్ళకు వాడతారు. దీని కుటుంబంలోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను మాడ్చి, కాన్సర్ తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికలు తిన్న ఆడవాళ్ళ మూత్రపిండాలు పోయినప్పుడు ఈ సంగతి లోకానికి తెలిసింది. మధుమేహం ఎలాగూ మూత్రపిండాల మీదికే వస్తుంది. అలాంటి మనిషికి పేరు తెలియని ఆకు కషాయం ఇవ్వడం కాలే ఇంటికి కిరసనాయిలు మోసుకెళ్ళడమే.

మిరప

చివరికి మార్టూరు సొంత పంట. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇక్కడి కల్లాలు ఎర్రదుప్పటి పరిచినట్టుంటాయి. ఆడకూలీలు గుడ్డ ముక్కుకు కట్టుకుని తాలు ఏరుతూ కూర్చుంటారు. సాయంత్రానికి వాళ్ళ చేతులు నీళ్ళలో పెట్టినా మంట చల్లారదు. ఎండుమిరపకాయను నిలువునా చీల్చి చూస్తే లోపల గింజలను పట్టుకుని లేతపసుపు పొర ఒకటి కనిపిస్తుంది. కారమంతా ఆ పొరలోనే ఉంది. గింజకు అంటుకున్నది దాని నుంచి రాలిందే. ఆ కారం పేరు కాప్సైసిన్. వేడిని, నొప్పిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే నరాల తలుపును అది తడుతుంది. 1997లో ఆ తలుపును గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

మిరప చక్కెరను తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు అంతంతమాత్రం ఆధారమే ఉంది. 2006లో ఆస్ట్రేలియాలో 36 మంది మీద చేసిన పరీక్షలో కారం కలిపిన భోజనం తర్వాత శరీరానికి కావలసిన ఇన్సులిన్ కొంత తగ్గింది. గుంటూరు కారం తినే జిల్లాల్లోనే ఇంత మధుమేహం ఉన్నప్పుడు ఆ తగ్గుదలను పెద్దగా నమ్ముకోలేం. కానీ మధుమేహం తెచ్చే పాదాల మంట విషయంలో కాప్సైసిన్ నిజంగానే మందయింది. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే పాదాల నరాలు చెడి, రాత్రిపూట అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి. 0.075 శాతం కాప్సైసిన్ లేపనం దీనికి పనిచేస్తుందని 1991లోనే పరీక్షలు చెప్పాయి. 8 శాతం కాప్సైసిన్ పట్టీకి అమెరికా 2020 జులైలో మధుమేహ పాదాల నొప్పికి అనుమతి ఇచ్చింది. ముందు చర్మం మొద్దుబారడానికి మందు రాస్తారు, చేతికి ప్రత్యేకమైన తొడుగులు వేసుకుని పట్టీని పాదానికి చుడతారు, ముప్పై నిమిషాల తర్వాత తీసేస్తారు. మంటతో అలిసిపోయిన నరాల కొసలు తర్వాత మూడు నెలల దాకా సద్దుమణుగుతాయి. ముల్లును ముల్లుతోనే తీసినట్టు. పొడికారాన్ని అరికాళ్ళకు పట్టించుకునే సాహసం ఎవరూ చేయకూడదు. స్పర్శ తెలియని పాదం మీద పుండు పడితే వేళ్ళు తీసేసేదాకా వస్తుంది.

ఆ పట్టీలోని కాప్సైసిన్ చేనులో పండింది కాదు, కర్మాగారంలో కృత్రిమంగా తయారైనది. ఇక్కడి చేలల్లో పండే కాయ దారి వేరు. ఘాటెక్కువగా ఉండే తేజ రకం గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల, అంటే బస్తాల, లెక్కన అమ్ముడై, కోల్డు స్టోరేజీ దాటి, పెద్ద ఎత్తున ఓడెక్కుతుంది. కొన్నేళ్ళుగా దాన్ని అందరికన్నా ఎక్కువ కొంటున్న దేశం చైనా. అక్కడికెళ్ళాక కొంతదాని నుంచి కారపుసారం పిండి, పిప్పి వేరుచేసి, కాప్సైసిన్ శాతాన్ని కొలిచి అమ్ముతారు.